దేవుడికి మూడు పరీక్షలు

పోరు మంచి ఊపులో ఉండగా ఎక్కడినుంచో ఒక బాణం వచ్చి డానియల్ డ్రేవట్ రొమ్మున తగులుతుంది. అతను పడడు. కేక పెట్టడు. బాణం రొమ్మున అలా నిలిచి ఉండగానే కత్తి ఝళిపిస్తూ ముందుకు పోతాడు. ఎదురుగా ఉన్నవాళ్ళు మొదట ఆగిపోతారు, వాళ్ళని చూసి పక్కవాళ్ళు, చివరికి డ్రేవట్ వెంట వచ్చిన సైనికులు కూడా ఆగిపోతారు. ఒక్కొక్కరే నేలకు వాలి మొక్కుతారు. నిజానికి జరిగింది చాలా చిన్న విషయం. ఒంటికి అడ్డంగా కట్టుకున్న తూటాల పట్టా తోలులో బాణం మొన దిగబడింది. చర్మం దాకా రానే లేదు.

జాన్ హ్యూస్టన్ 1975లో తీసిన 'ది మ్యాన్ హూ వుడ్ బి కింగ్'లో తెల్లవాడు దేవుడయ్యే క్షణం ఇది. రడ్యార్డ్ కిప్లింగ్ 1888లో రాసిన పెద్ద కథ దీనికి ఆధారం. బ్రిటిష్ సైన్యంలో సార్జెంట్లుగా పనిచేసి బయటపడ్డ ఇద్దరు మోసగాళ్ళు, డ్రేవట్, పీచీ కార్నహాన్, ఇండియాలో తమకు తగినంత చోటు లేదని తేల్చుకుంటారు. 20 మార్టిని తుపాకులతో హిందూకుష్ దాటి కాఫిరిస్తాన్ పోయి రాజులమవుదామని బయల్దేరతారు. పని పూర్తయ్యేదాకా మందు ముట్టం, ఆడదాని జోలికి పోం అని కాగితం రాసుకుని సంతకాలు పెడతారు. రాజులవుతారు. అందులో ఒకడు దేవుడవుతాడు. ఆ దైవత్వమే వాణ్ణి చంపుతుంది.

తెల్లవాణ్ణి చూసి కొండజనం, దీవుల జనం దేవుడనుకున్నారన్న కథ ఐదు వందల ఏళ్ళుగా పుస్తకాల్లో తిరుగుతోంది, నూరేళ్ళుగా సినిమాల్లో తిరుగుతోంది. వాటిలో చాలావాటికి నాకు ఓపిక లేదు. అక్కడ దేవుడు తయారై వస్తాడు. పడవ దిగుతాడు, జనం మోకరిల్లుతారు, అంతే. హ్యూస్టన్ సినిమా మీద నాకున్న గౌరవానికి కారణం, ఇందులో దేవుణ్ణి మన కళ్ళముందే తయారుచేస్తారు. ఏ సామాను ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు అందించారు, ఎవరు నమ్మారు, ఎవరు నమ్మినట్టు ఊరుకున్నారు, అన్నీ కనిపిస్తాయి. అంతకన్నా ముఖ్యం, ఇక్కడి జనం అమాయకంగా మొక్కి ఊరుకోరు. పరీక్ష పెడతారు. ఒకటి కాదు, మూడు పరీక్షలు. సినిమా కట్టుబడి అంతా ఆ మూడు స్తంభాల మీద నిలబడింది.

ఈ పరీక్ష అన్న అంశం విజయగాథల్లో ఎంతగా మరుగునపడిందో చూస్తేగాని హ్యూస్టన్ పనితనం పూర్తిగా తెలీదు. మెక్సికోని జయించిన ఎర్నాన్ కోర్టెస్ సంగతే తీసుకుందాం. అతన్ని అజ్‌టెక్కులు తమ దేవుడు క్వెట్జల్‌కోట్ల్ అనుకున్నారని బడిపిల్లల పుస్తకాలదాకా పాకింది. కానీ 1520లో కోర్టెస్ స్వయంగా తన రాజుకి రాసిన ఉత్తరంలో ఆ దేవుడి పేరే లేదు. పైగా ఆ ఉత్తరంలో చక్రవర్తి మోక్తెసూమాయే వస్త్రం పైకెత్తి తన ఒళ్ళు చూపిస్తాడు. నేను దేవుణ్ణని నీకు ఎవరో చెప్పి ఉంటారు, చూడు, నీలాగే రక్తమాంసాలవాణ్ణి అన్న అర్థంలో మాట్లాడతాడు. అంటే ఆ తొలి రాతలో దైవత్వాన్ని వద్దని తోసిపుచ్చినవాడు అక్కడి రాజే. కోర్టెస్‌ని దేవుడిగా నిలబెట్టిన కథనాలు దశాబ్దాలు గడిచాక ముదిరాయి. 1552లో అచ్చయిన గోమరా చరిత్ర ఆ దారిలో పెద్ద అడుగు. గోమరా కోర్టెస్ దగ్గర పనిచేసిన పాదిరీ, మెక్సికో గడ్డమీద ఎన్నడూ కాలు పెట్టనివాడు. కెమిల్లా టౌన్‌సెండ్ అనే చరిత్రకారిణి 2003లో రాసిన ఒక వ్యాసంలో ఈ కట్టుకథ ఎలా పెరిగిందో, ఓడిపోయినవాళ్ళ పిల్లలకీ మనవలకీ కూడా అది ఎందుకు అవసరపడిందో పొరలు పొరలుగా విప్పి చూపించింది.

పరీక్షలు నిజంగా జరిగాయనడానికి కూడా చరిత్రకారులు రాసిన కథలున్నాయి. ప్యుర్తోరికోలో 1510-11 ప్రాంతంలో దియేగో సల్సేదో అనే స్పానిష్ కుర్రవాణ్ణి అక్కడి తైనో మనుషులు వాగు దాటిస్తామని భుజాల మీద ఎక్కించుకున్నారు. నడిమధ్యలో నీళ్ళలో పడేసి కదలకుండా తొక్కిపట్టారు. తర్వాత శవాన్ని ఒడ్డుకి చేర్చి, లేస్తాడేమోనని రోజుల తరబడి కాపలా కూర్చున్నారు. కుళ్ళడం మొదలయ్యాక పెద్దకి కబురు పంపారు. తిరుగుబాటు ఆ తర్వాత మొదలైంది. ఒవియెదో రాసిన చరిత్రలో ఉంది ఈ సంగతి. హవాయిలో కెప్టెన్ కుక్ 1779 ఫిబ్రవరి 14న చచ్చిపోయాడు. దెబ్బ తగిలి మూలిగాడు గనకే మనిషని తెలిసిపోయిందన్న మాట అక్కడ చెప్పుకునే కథల్లో ఉంది. కుక్‌ని హవాయి జనం నిజంగా దేవుడనుకున్నారా, లేక అది యూరప్ అల్లుకున్న కథా అన్న దాని మీద శ్రీలంకకి చెందిన గణనాథ్ ఒబయశేఖర 1992లో ఒక పుస్తకమే రాశాడు. మార్షల్ సాలిన్స్ దానికి జవాబుగా ఇంకో పుస్తకం రాశాడు. ఆ వాదం జోలికి నేను పోను. నాకు కావలసింది ఒక్కటే. ఈ కథలన్నిటిలోనూ, రాసినవాళ్ళు గమనించకపోయినా, అవతలివాళ్ళు బుర్ర పెట్టి ఆలోచిస్తున్నారు. అనుమానిస్తున్నారు. చూసి తేల్చుకుంటున్నారు.

దేవుణ్ణి పరీక్షించడం మనకి తెలియని సంగతేం కాదు. తిరుపతి స్థలపురాణం మొదలయ్యేదే అలా. త్రిమూర్తుల్లో ఎవరు గొప్పో తేల్చడానికి బయల్దేరిన భృగువు విష్ణువు వక్షస్థలం మీద తన్నాడు. విష్ణువు లేచి ఆయన పాదం నొప్పిపెట్టిందేమోనని ఒత్తాడు. పరీక్ష నెగ్గాడు. తగిలిన దెబ్బకి ఎలా స్పందించాడన్నదే అక్కడ కొలత. డ్రేవట్‌కి కూడా పరీక్ష రొమ్ము మీదనే మొదలవుతుంది.

హ్యూస్టన్, ఆయనతో కలిసి స్క్రీన్‌ప్లే రాసిన గ్లాడిస్ హిల్, కిప్లింగ్ కథని ఎక్కడ మార్చారో చూడడం ఒక పాఠం. కథలో ఇద్దరినీ గొప్పవాళ్ళని చేసేది ప్రధానంగా తుపాకీ, ఆపైన వాళ్ళు చెప్పుకున్న అబద్ధాలు. రొమ్మున నిలిచిన బాణం సినిమావాళ్ళు తెచ్చిపెట్టింది. దానివల్ల ఎంత తేడా వచ్చిందంటే, తుపాకీతో పుట్టిన దేవుడు భయంతో పుట్టినవాడు, వాణ్ణి చూసి జనం పారిపోతారు. బాణంతో పుట్టినవాడు వాళ్ళ సొంత ఆయుధం, వాళ్ళ సొంత కొలమానం మీద పుట్టాడు. బాణం తగిలితే మనిషి పడతాడని తరతరాలుగా తెలిసినవాళ్ళు, పడని మనిషిని చూశారు. ఆ క్షణంలో వాళ్ళు వేసిన లెక్క తప్పు కాదు. వాళ్ళకి తోలుపట్టా సంగతి తెలియదు, అంతే.

ఇంకో మార్పు దీనికన్నా సున్నితమైనది. కిప్లింగ్ కథలో, వేషాలు మార్చుకుని ఒంటెలతో బయల్దేరుతున్న ఇద్దరికీ కథ చెప్పే పత్రికా రచయిత తన గడియారపు గొలుసుకున్న చిన్న కంపాస్ తీసి జ్ఞాపకంగా ఇస్తాడు. కథలో అది అక్కడితో సరి. సినిమాలో ఆ బహుమతి ఫ్రీమేసన్లనే సోదర సంఘం గుర్తు ఉన్న పతకం అయింది: కంపాస్, మూలమట్టం, మధ్యలో ఒక కన్ను. సినిమాలో అసలు కథ మొదలయ్యేదే దానితో. లాహోర్ స్టేషన్‌లో పీచీ ఒక పెద్దమనిషి జేబులో గడియారం కొట్టేస్తాడు. గొలుసుకున్న గుర్తు చూసి, ఇతనూ మన సంఘంవాడే, సాటి మేసన్ సొమ్ము దొంగిలించకూడదని వెనక్కి పరిగెడతాడు. ఆ పెద్దమనిషి కిప్లింగే. కథలో పేరులేని 'నేను'కి సినిమా రచయిత పేరే పెట్టింది. కిప్లింగ్ నిజంగానే లాహోర్ లాడ్జిలో 1886లో మేసన్‌గా చేరాడు, 21 ఏళ్ళు నిండకుండానే ప్రత్యేక అనుమతి మీద. కాబట్టి గొలుసుకి ఆ గుర్తు తగిలించిన కల్పన కూడా గాలిలోంచి పుట్టింది కాదు.

దొంగిలించి, తిరిగిచ్చి, మళ్ళీ బహుమతిగా పుచ్చుకున్న ఆ పతకం డ్రేవట్ మెడలో వేలాడుతూ హిందూకుష్ దాటుతుంది. ఒక గంట సినిమా గడిచేదాకా దాన్ని మనకి మళ్ళీ గుర్తుచేయరు. నాకు ఈ సంయమనం చాలా ఇష్టం. మరో దర్శకుడైతే మధ్యలో రెండుసార్లు మెరిపించి ఉండేవాడు.

దేవుడు పుట్టకముందే ఆ నేలమీద దైవం అంటే ఏమిటో సినిమా చూపిస్తుంది. రెండు ఊళ్ళ మధ్య యుద్ధం సాగుతుండగా కొందరు పూజారులు కళ్ళు మూసుకుని, ఎవరినీ పట్టించుకోకుండా, యుద్ధం నడిమధ్యనుంచి నడిచిపోతారు. ఇరుపక్షాలవాళ్ళూ ఆయుధాలు పడేసి నేలకి కరుచుకుంటారు. పూజారులు దాటిపోయాక లేచి మళ్ళీ కొట్టుకుంటారు. తుపాకులు పట్టుకున్న తెల్లవాళ్ళిద్దరూ ఏం జరుగుతోందో అర్థంకాక చూస్తూ నిలబడతారు. ఈ ఒక్క దృశ్యంలో ఎంత పని జరిగిందో చూడండి. ఈ జనానికి తుపాకీ కన్నా పెద్దది ఒకటి ఉంది, దానికి వాళ్ళదైన నియమం ఉంది, దాన్ని కాపాడే మనుషులున్నారు అని తెలిసింది. రేపు డ్రేవట్ ఎక్కబోయే పీఠం ఖాళీగా పడి ఉన్నది కాదు. దానికి కావలివాళ్ళున్నారు, వాళ్ళ దగ్గరికి వెళ్ళి లెక్క చెప్పుకోవాలి.

ఇక దుబాసీ. కిప్లింగ్ కథలో బిల్లీ ఫిష్ అక్కడి ఒక నాయకుడు, వీళ్ళు పెట్టిన ముద్దుపేరు అది. సినిమాలో అతను గూర్ఖా సైనికుడు. సర్వేకి వచ్చిన బృందంలో అందరూ పోగా మిగిలిపోయి, అక్కడే స్థిరపడ్డాడు. ఆ పాత్రని సయీద్ జాఫ్రీ చేశాడు. మన పాఠకులకి ఆయన 'షత్రంజ్ కే ఖిలాడీ'తోనో 'గాంధీ'తోనో గుర్తుండి ఉంటాడు. ఆయన ఎంత బాగా చేశాడో ఈ సినిమా మొదటిసారి చూసినప్పుడు సరిగ్గా కంటికి ఆనదు, ఎందుకంటే ఆయన నటించేది ఇతరుల మాటల మధ్యలో. డ్రేవట్ పొగరుగా ఒక మాట అంటాడు, బిల్లీ దాన్ని కాఫిర్లకి మర్యాదగా అందిస్తాడు. వాళ్ళు ఏదో అంటారు, అది ఇటు వచ్చేసరికి సైనికుడి నివేదిక అవుతుంది. డ్రేవట్ దేవుడని వాళ్ళు అనుకుంటున్నారని మొదట చెప్పేదీ బిల్లీయే. దాన్ని ఖండించకుండా ఊరుకుంటే మంచిదన్న ఆలోచన ఆ తర్వాత పుడుతుంది. జయించినవాడి పుస్తకాల్లో దుబాసీ ఎప్పుడూ కనిపించడు. కోర్టెస్ పక్కన నిలబడి మాట్లాడిన మలింత్సిన్ అన్న స్త్రీ లేకపోతే అతను ఆ ఊళ్ళలో ఒక్క మాట పలకలేకపోయేవాడు. అయినా అతని ఉత్తరాల్లో ఆమెకి దక్కిన చోటు వాక్యం రెండు వాక్యాలు. హ్యూస్టన్ దుబాసీకి ముఖం ఇచ్చాడు, చమత్కారం ఇచ్చాడు, చివరికి కుక్రీ దూసి గుంపు మీదకి పరిగెత్తే చావు ఇచ్చాడు.

రెండో పరీక్ష సికందర్‌గుల్ అనే పవిత్ర నగరంలో. ప్రధాన పూజారి కాఫు సలీమ్ కబురంపుతాడు: వచ్చి రుజువు చేసుకోండి. ఆ పూజారి పాత్రకి హ్యూస్టన్ నటుణ్ణి తీసుకోలేదు. మొరాకోలో షూటింగ్ చేస్తూ అక్కడే దొరికిన కరూమ్ బెన్ బువీ అనే ముసలాయన్ని తీసుకున్నాడు. వందేళ్ళు పైబడినవాడని చెబుతారు. ఆయన ముఖంలో నటన లేదు, వయసే ఉంది. పరీక్ష మళ్ళీ బాణమే. ఈసారి పొరపాటున తగిలేది కాదు, పూజారులు కావాలని గురిపెట్టేది, తోలుపట్టా అడ్డం లేనిది. డ్రేవట్ బెదురుతాడు. పెనుగులాటలో చొక్కా చిరిగి, మెడలో పతకం బయటపడుతుంది. ముసలాయన ఆగిపోతాడు. పూజాపీఠం కింద రాతి మీద అదే గుర్తు చెక్కి ఉంది. ఎప్పుడో ఆ దారిన వచ్చిన సికందర్, అంటే అలెగ్జాండర్, వదిలివెళ్ళిన గుర్తు అది. ఇన్ని వందల ఏళ్ళకి అతని కొడుకు తిరిగొచ్చాడు.

ఇది నమ్మదగిన సంగతి కాదు. అలెగ్జాండర్‌కీ ఫ్రీమేసన్లకీ ఏ సంబంధమూ లేదు. కిప్లింగ్ కథలోనూ ఇలాంటి గుర్తే బయటపడుతుంది, కాకపోతే అక్కడ డ్రేవట్ నడుముకి కట్టుకున్న గుడ్డ మీది గుర్తుతో సరిపోలుతుంది. కానీ కథనంలో కుదిరిందా లేదా అంటే, అద్భుతంగా కుదిరింది. ఎందుకంటే డ్రేవట్ ఈ పరీక్షలో నిజానికి ఓడిపోయాడు. భయపడ్డాడు, వెనక్కి తగ్గాడు. అతన్ని గట్టెక్కించింది లాహోర్‌లో ఒక పత్రికా రచయిత చేతిలో పెట్టిన జ్ఞాపిక. మనకి ఆ సంగతి తెలుసు, పీచీకి తెలుసు, డ్రేవట్‌కి కూడా ఆ క్షణంలో తెలుసు. కొన్నాళ్ళకి మరిచిపోయేది డ్రేవట్ ఒక్కడే.

ఆ మరపుని షాన్ కానరీ ఎలా నటించాడన్నది ఈ సినిమాకి ప్రాణం. మొదట్లో డ్రేవట్ గొంతులో బారకాసుల మోటుదనం, పెద్ద నవ్వు, ఊరికే పీచీ భుజమ్మీద చరచడం ఉంటాయి. న్యాయం చెప్పే పీఠమ్మీద కూర్చోవడం మొదలయ్యాక మాట నెమ్మదిస్తుంది. తగవులు తీరుస్తాడు, ధాన్యం లెక్కలు చూస్తాడు, బాగానే తీర్పు చెబుతాడు కూడా. అదే ప్రమాదం. ఒకరోజు పీచీతో చాలా మామూలుగా అంటాడు: అందరిముందూ నువ్వు కూడా వంగి దండం పెడితే బావుంటుంది, జనం చూస్తున్నారు కదా. పీచీగా చేసిన మైకేల్ కెయిన్ ముఖం ఒక్క క్షణం ఖాళీ అయిపోతుంది. తర్వాత వంగుతాడు. ఇంత నెమ్మదిగా ఇద్దరు స్నేహితుల మధ్య దూరాన్ని పెట్టిన దృశ్యాలు నేను ఎక్కువ చూడలేదు. మంచు కరగగానే నిధి మూటగట్టుకుని పోదామన్న ఒప్పందం ఇక్కడ తెగిపోయింది. ఎవరూ గట్టిగా అరవలేదు.

కానరీ, కెయిన్ల జంట కుదిరింది కాబట్టి ఈ సినిమా నిలిచింది. హ్యూస్టన్ 1950లలోనే దీన్ని క్లార్క్ గేబుల్, హంఫ్రీ బోగార్ట్‌లతో తీయాలనుకున్నాడు. 1957లో బోగార్ట్ పోయాడు, 1960లో గేబుల్ పోయాడు. ఇరవై ఏళ్ళు ఆగడం మంచిదే అయింది. ఆ అమెరికన్ నటుల నోట ఈ సైనికుల గర్వం, ఈ కింది వర్గపు ఇంగ్లీషువాళ్ళ కసి పలికేవి కావు. తమ దేశంలో ఎవరికీ ఏమీ కానివాళ్ళు, పరాయి గడ్డమీద మాత్రమే సలాములు అందుకున్నవాళ్ళు వీళ్ళు. అలాంటివాడే దేవుడయ్యే అవకాశం వస్తే వదులుకోలేడు. హ్యూస్టన్ ఈ మనుషుల్ని ఎరిగినవాడు. 1948లో 'ది ట్రెజర్ ఆఫ్ ది సియెరా మాడ్రే'లో బంగారం మనిషిని ఎలా తినేస్తుందో చూపినవాడాయన. ఈ సినిమాలో నిధి ఉంది, గదుల నిండా ఉంది, కానీ డ్రేవట్‌ని తినేసింది అది కాదు.

మూడో పరీక్ష పెళ్ళి. డ్రేవట్‌కి వారసుడు కావాలనిపిస్తుంది. సికందర్ భార్య పేరే ఉన్న రాక్సాన్ అనే అమ్మాయిని చేసుకుంటానంటాడు. దేవుణ్ణి కట్టుకున్న మనిషి బతకదని ఆ జనం నమ్మకం. పూజారులు వద్దంటారు, పీచీ ఒప్పందం గుర్తుచేస్తాడు, బిల్లీ ఫిష్ కూడా బెదురుతాడు. పెళ్ళిపీట మీద భయంతో సగం చచ్చిన ఆ పిల్ల, డ్రేవట్ దగ్గరికి తీసుకోగానే కొరుకుతుంది. చెంప మీద రక్తం. దాన్ని అతను తుడుచుకుంటాడు, చేయి చూసుకుంటాడు. ముందు పూజారి చూస్తాడు, తర్వాత జనం చూస్తారు.

ఇక్కడ హ్యూస్టన్ ఏమీ పెంచి చూపించలేదు. అంత పెద్ద కొండకోట, అంత పెద్ద జనసమూహం, వాటి మధ్య ఒక చిన్న ఎర్రటి గీత. బాణం నెరవేర్చలేని పనిని పళ్ళు నెరవేర్చాయి. పైగా ఆలోచిస్తే ఇది మొదటి పరీక్షకి అద్దంలో ప్రతిబింబం: అక్కడ తగలవలసిన దెబ్బ తగల్లేదు, ఇక్కడ ఎవరూ పెట్టని పరీక్షలో ఫలితం వచ్చేసింది. విష్ణువు భృగువు పాదం ఒత్తాడు. డ్రేవట్ గాయం చూసుకున్నాడు.

తర్వాతివి త్వరగా జరుగుతాయి. డ్రేవట్‌ని, తానే కట్టించిన తాళ్ళ వంతెన మీద నడిమధ్యకి నడిపిస్తారు. కట్టించడం మనం చూశాం, గొప్పగా చెప్పుకోవడం విన్నాం. రెండు కొండల్ని కలిపే పనిగా మొదలైంది, ఉరికంబమైంది. తాళ్ళు నరుకుతుంటే అతను పాట పాడతాడు, పీచీ గొంతు కలుపుతాడు. పాట మాటలు రెజినాల్డ్ హీబర్ రాసిన క్రైస్తవ కీర్తనవి, యుద్ధానికి బయల్దేరిన దేవుని కుమారుడి గురించినవి. బాణీ మాత్రం ఓ ఐరిష్ దేశభక్తి గీతానిది. హీబర్ కలకత్తా బిషప్‌గా ఉండి 1826లో తిరుచిరాపల్లిలో చనిపోయినవాడు. దేవుడి కొడుకునని చెప్పుకు బతికినవాడి చివరి పాటగా దీన్ని పెట్టడంలో వెక్కిరింత లేదు. ఆ గొంతు ధైర్యంగానే ఉంది. మనిషని తేలిపోయాకే డ్రేవట్ మళ్ళీ మనకి నచ్చే మనిషయ్యాడు. అంతకు కాస్త ముందే పీచీని క్షమించమని అడిగాడు కూడా.

పీచీ బతికి లాహోర్ చేరతాడు. సినిమా మొత్తం అతను కిప్లింగ్‌కి చెబుతున్న కథే. మూటలోంచి కిరీటంతో ఉన్న తల బయటికొస్తుంది. కొండల్లో అడుగుపెట్టినప్పుడే, సంచిలో చుట్టిన మనిషి తలతో గుర్రాల మీద ఆట ఆడే జనాన్ని వీళ్ళు చూశారు. అప్పట్లో అది వింతగా ఉండింది. కిప్లింగ్ కథలో పీచీ ఆ తలని మళ్ళీ మూటగట్టుకుని వెళ్ళిపోతాడు, తర్వాత అది దొరకదు. సినిమాలో బల్లమీదే వదిలేస్తాడు. ఈ మార్పు సరైనదని నా నమ్మకం. పతకం ఇచ్చింది కిప్లింగ్, ఒప్పందానికి సాక్షి కిప్లింగ్, కాబట్టి లెక్క అతని బల్లమీదే తేలాలి. కిప్లింగ్‌గా చేసిన క్రిస్టఫర్ ప్లమ్మర్ ఏమీ మాట్లాడడు.

ఇంత మెచ్చుకున్నాక, ఈ పని ఎక్కడ ఆగిపోయిందో చెప్పకపోతే నిజాయితీ కాదు. పీచీ గడియారం తిరిగిచ్చే దృశ్యంలో, దొంగ నువ్వేనంటూ పుచ్చకాయ తింటున్న ఒక భారతీయుణ్ణి నడుస్తున్న రైల్లోంచి తోసేస్తాడు. సినిమా మనల్ని నవ్వమంటుంది. నాకు ఎప్పుడూ నవ్వు రాలేదు. కాఫిర్లుగా కనిపించేది మొరాకో జనం, వాళ్ళ మాట మనదాకా వచ్చేది బిల్లీ నోటే. అసలు కాఫిరిస్తాన్‌లో జార్జ్ రాబర్ట్‌సన్ అనే ఆంగ్లేయుడు 1890-91లో ఉండి, వాళ్ళ దేవతల గురించి, పండగల గురించి, తగవుల గురించి పెద్ద పుస్తకం రాశాడు. కిప్లింగ్ కథ అంతకుముందే అచ్చయింది, కిప్లింగ్ అక్కడికి వెళ్ళలేదు. 1895-96లో అఫ్గాన్ అమీర్ అబ్దుర్ రహ్మాన్ ఆ ప్రాంతాన్ని జయించి, జనాన్ని ఇస్లాంలోకి మార్చి, నూరిస్తాన్ అని పేరు పెట్టాడు. వాళ్ళకి నిజంగా ఎదురైన విజేత దేవుడిగా రాలేదు. ఇక రాక్సాన్‌కి మాటలే దాదాపు లేవు. ఆ పాత్ర వేసింది షకీరా కెయిన్, మైకేల్ కెయిన్ భార్య, గయానాలో భారతీయ మూలాలున్న కుటుంబంలో పుట్టిన మనిషి. కథని మలుపు తిప్పింది ఆమె పళ్ళే, కానీ ఆమె ఏమనుకుందో ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్న అడిగిన సినిమా ఒకటుంది. ఆస్ట్రేలియాకి చెందిన బాబ్ కొనోలీ, రాబిన్ ఆండర్సన్ 1983లో తీసిన 'ఫస్ట్ కాంటాక్ట్' అనే డాక్యుమెంటరీ, గంటలోపే ఉంటుంది. మైకేల్ లీహీ, అతని తమ్ముళ్ళు 1930లలో బంగారం వెతుక్కుంటూ పాపువా న్యూగినీ కొండల్లోకి వెళ్ళారు. అక్కడ మనుషులే లేరని బయటి లోకం అనుకునేది. లక్షలమంది ఉన్నారు. లీహీ దగ్గర సినిమా కెమెరా ఉంది. ఆ పాత ఫిల్ములో తెల్లవాణ్ణి చూసి వణికిపోతున్న జనం కనిపిస్తారు, అచ్చం విజయగాథల్లో లాగే. కానీ దర్శకులు యాభై ఏళ్ళ తర్వాత అదే ఊళ్ళకి వెళ్ళి, అదే మనుషుల్లో బతికున్నవాళ్ళని వెతికి కూర్చోబెట్టారు. పాత ఫిల్ము ముక్క ఒకటి, వాళ్ళ మాట ఒకటి, అలా కలిపి కుట్టారు. చచ్చిపోయిన తమవాళ్ళే తెల్లగా మారి తిరిగొచ్చారని మొదట నమ్మామని వాళ్ళు దాచకుండా చెబుతారు. ఎలా తేల్చుకున్నారో కూడా చెబుతారు. ఒకతను పొంచి ఉండి, తెల్లవాడు మలవిసర్జన చేసి వెళ్ళాక దగ్గరికి పోయి చూశాడు. వాసన తమదాని లాగే ఉందని వచ్చి అందరికీ చెప్పాడు. తెల్లవాళ్ళ పక్కన పడుకున్న ఆడవాళ్ళు ముసలితనంలో కెమెరా ముందు కూర్చుని, ఆ రాత్రే తెలిసింది వీళ్ళూ మగాళ్ళేనని అని నవ్వుతూ చెబుతారు.

రెండు సినిమాల్నీ ఒకదాని వెంట ఒకటి చూడమని నా సలహా, ముందు హ్యూస్టన్‌ది. ఆ క్రమంలో చూస్తే, రాక్సాన్ కొరికినప్పుడు పూజారి ముఖంలో కనిపించే ఆరా ఎంత సరిగ్గా పట్టాడో, ఆ ఆరాకి మాట ఇవ్వడానికి ఎందుకు వెనకాడాడో రెండూ తెలుస్తాయి. 'ఫస్ట్ కాంటాక్ట్' నచ్చితే అదే దర్శకులు ఆ కొండల్లోనే తీసిన మరో రెండు ఉన్నాయి, 1989లో 'జో లీహీస్ నేబర్స్', 1992లో 'బ్లాక్ హార్వెస్ట్'. మైకేల్ లీహీకి ఆ కొండల స్త్రీ వల్ల పుట్టిన కొడుకు జో వాటిలో ముఖ్యుడు. కాఫీ తోటల యజమానిగా, తండ్రి జాతికీ తల్లి జాతికీ మధ్య నిలబడి, అప్పులతో, ధరలతో, పొరుగువాళ్ళ తగవులతో తల బద్దలు కొట్టుకుంటూ కనిపిస్తాడు.